స్కాట్స్–ఇంగ్లీషు పదచరిత్ర, నామచరిత్ర పరిశోధన: ఆధారాలు, భ్రమలు

తెలుగుదేశపు స్థానిక చరిత్రలపై పనిచేసే పరిశోధకులకు 'మెకంజీ' అన్న పేరు కొత్త కాదు. గ్రామ కైఫియత్తుల సేకరణ ఆ పేరుతోనే ప్రసిద్ధం. కాలిన్ మెకంజీ స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలోని స్టోర్నొవే పట్టణంలో పుట్టాడు, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు, 1821లో మరణించాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఆయన పక్షాన ఊరూరా సేకరించిన కైఫియత్తులు తెలుగు ఊళ్ల పేర్లకు సంబంధించిన వ్యుత్పత్తి కథలకు పెద్ద గని. విశేషమేమిటంటే, ఇన్ని ఊరిపేర్ల కథలను భద్రపరచిన ఆ సేకర్త ఇంటిపేరులోని 'జ' ధ్వనికి దాని పుట్టుకలో చోటు లేదు. గేలిక్ భాషలో అది 'మక్ కొన్యిఖ్' వంటి ఉచ్చారణ గల పేరు. కెన్నెత్ అన్న వ్యక్తినామానికి గేలిక్ రూపమైన పేరు గలవాని కుమారుడని అర్థం. అందులోని 'న్య' ధ్వనిని రాయడానికి స్కాట్స్ లేఖకులు యోఖ్ అనే పాత అక్షరాన్ని వాడారు. ఆ అక్షరం కాలక్రమాన జడ్ అక్షరంతో రూపంలో కలిసిపోయింది. రాతను బట్టి చదివినవారి నోట 'మెకెన్యీ' కాస్తా 'మెకెంజీ' అయింది. తెలుగు ఆ తరువాతి ఉచ్చారణనే గ్రహించింది.

స్కాట్స్, ఇంగ్లీషు పదాల చరిత్రను, పేర్ల చరిత్రను రాయబూనినవారు ఎదుర్కొన్న చిక్కులు చాలావరకు ఈ ఒక్క పేరులోనే ఉన్నాయి. పేరు ఒక భాషలో పుట్టింది, రెండో భాష లిపిలో నమోదైంది, మూడో భాష చదువరుల ఉచ్చారణకు లొంగింది. దీనికి లోకంలో ప్రచారంలో ఉన్న వివరణ కూడా సగమే సరైనది. అచ్చుశాలల్లో యోఖ్ అచ్చుదిమ్మ లేక ముద్రాపకులు జడ్‌ను వాడారని సాధారణంగా చెబుతారు. 1508లో చెప్మన్, మిల్లర్ ఎడింబరోలో పుస్తకాలు అచ్చువేసే నాటికే స్కాటిష్ లేఖకుల చేతిరాతలో ఆ రెండు అక్షరాలు దాదాపు ఒకే ఆకారానికి వచ్చాయి. అచ్చు చేసింది ఆ కలయికను స్థిరపరచడమే. పైగా ఫలితం అన్ని పేర్లలోనూ ఒకటి కాదు. 'మెంజీస్' అని రాసే ఇంటిపేరును సంప్రదాయం తెలిసినవారు నేటికీ 'మింగిస్' అంటారు. 'డాల్‌జియెల్' అని రాసి 'డీయెల్' అంటారు. 'కల్‌జీన్' అని రాసే కోటపేరును 'కలేన్' అంటారు. ఈ పేర్లలో నోరు పాతదాన్ని నిలుపుకుంది. మెకంజీ విషయంలో రాత నోటిని ఓడించింది. అక్షరం ఒకటే, గతులు రెండు. ఏ పేరుకు ఏ గతి పట్టిందో సామాన్యసూత్రం చెప్పలేదు, ఆ పేరు నమోదైన పత్రాల వరుసే చెబుతుంది.

ఇక్కడ పరిశీలనార్హమైన ప్రశ్నలు రెండు. పదవ్యుత్పత్తిని నిర్ణయించేటప్పుడు రూపసాదృశ్యానికి ఎంత విలువ ఇవ్వాలి, ప్రయోగపరంపరకు ఎంత విలువ ఇవ్వాలి అన్నది మొదటిది. రెండోది ఇంకా లోతైనది: స్కాట్స్ పదాల చరిత్రను ఇంగ్లీషుతో వాటికి గల తేడాను బట్టి మాత్రమే రాస్తే ఆ చరిత్రకు ఏం నష్టం జరుగుతుంది?

భాష పేరు, భాష స్థాయి

'స్కాట్స్' అన్న భాషానామానికే ఒక చరిత్ర ఉంది. మధ్యయుగంలో దక్షిణ, తూర్పు స్కాట్లండు పల్లపు ప్రాంతాల జనులు తమ భాషను 'ఇంగ్లిస్' అన్నారు. 'స్కాటిస్' అన్న మాట అప్పట్లో గేలిక్‌ను సూచించేది. 15వ శతాబ్ది చివరి దశకాల్లో ఈ మాట పల్లపు ప్రాంతపు భాషకు మారింది. 1513లో వర్జిల్ మహాకావ్యానువాదాన్ని పూర్తిచేసిన గావిన్ డగ్లస్ తన భాష స్కాటిస్ అని స్పష్టంగా ప్రకటించుకున్నాడు. గేలిక్‌కు 'ఐరిష్' అన్న మాట రూపాంతరమైన 'ఎర్స్' అన్న పేరు పట్టింది. ఒక భాష తన పేరును పొరుగు భాషకు కోల్పోయి, సొంతగడ్డ మీదే పరదేశి పేరు మోసింది. అందువల్ల 14వ శతాబ్ది పత్రంలో 'స్కాటిష్ భాష' అని కనిపించిన ప్రతిచోటా నేటి స్కాట్స్‌ను చదువుకోవడం పొరపాటు.

ధ్వనిపరిణామాన్ని చూస్తే స్కాట్స్, ప్రామాణిక ఇంగ్లీషు ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెళ్లు. ఒకటి మరొకదాని వికృతి కాదు. ప్రాచీన ఇంగ్లీషులో ఇంటికి 'హామ్' అన్నారు. దక్షిణాన ఆ దీర్ఘాకారం ఓకారంగా మారి నేటి 'హోమ్' ఏర్పడింది. ఉత్తరాన అదే స్వరం నాలుక ముందుకు జరిగి 'హేమ్' అయింది. 'స్టోన్'కు 'స్టేన్', 'బోన్'కు 'బేన్', 'మోర్'కు 'మేర్' ఇలాగే వచ్చాయి. 'హౌస్', 'మౌస్' అన్న మాటలకు స్కాట్స్‌లో 'హూస్', 'మూస్' అనడం మరీ ఆసక్తికరం. ప్రాచీన ఇంగ్లీషు ఊకారాన్ని ఇక్కడ స్కాట్స్ నిలబెట్టుకుంది, మారింది ఇంగ్లీషే. చదువుకున్న ఇంగ్లీషువాడు 'హూస్' విని నవ్వితే, అతడు నవ్వుతున్నది తన పూర్వుల ఉచ్చారణను చూసే.

ఈ సంగతి 18వ శతాబ్ది స్కాట్లండు పండితులకు ఎక్కలేదు. 1707లో రెండు పార్లమెంట్లు ఏకమయ్యాక లండన్ భాష మర్యాదకు కొలమానమైంది. తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1752లో తన రాజకీయ వ్యాసాల సంపుటికి, రచనలో పరిహరించవలసిన స్కాటిష్ పలుకుబళ్ల పట్టికను జోడించాడు. 1782లో జాన్ సింక్లెయిర్, 1787లో జేమ్స్ బీటీ ఇటువంటి పట్టికలనే పుస్తకాలుగా వెలువరించారు. తెలుగు లాక్షణికుల మాటల్లో చెప్పాలంటే ఒక దేశపు నుడి మొత్తానికి 'గ్రామ్యం' అన్న ముద్ర వేయడమే ఇది. చిత్రమేమంటే, ఆ మాటలను తుడిచివేయడానికి తయారైన ఈ పట్టికలే నేడు వాటి ఉనికికి విలువైన సాక్ష్యాలు. ఫలానా పలుకుబడి 1780లలో ఎడింబరో విద్యావంతుల నోట సహజంగా దొర్లేదని తెలియడానికి, దాన్ని దిద్దుకోమని బీటీ చెప్పడం కంటే గట్టి నిదర్శనం వేరే అక్కరలేదు. నిషేధం కూడా ఒక నమోదే. కవులు 'ఆల్' అన్న మాటకు స్కాట్స్ రూపం రాసేటప్పుడు చివర లోపచిహ్నం పెట్టడం కూడా ఈ మనస్తత్వం ఫలితమే: లేని ఇంగ్లీషు అక్షరం ఏదో జారిపోయిందని పాఠకునికి క్షమాపణ చెప్పుకోవడం. 1947లో స్కాట్స్ కవులు రూపొందించుకున్న లేఖన నియమావళి ఈ చిహ్నాన్ని వదిలేయమని కోరింది.

జేమీసన్: తప్పు సిద్ధాంతం, నిలిచిన ఆధారం

ఆ న్యూనతాభావానికి శాస్త్రస్థాయిలో ఎదురు నిలిచిన తొలి గ్రంథం జాన్ జేమీసన్ 1808లో రెండు సంపుటాలుగా ప్రకటించిన స్కాటిష్ భాషా వ్యుత్పత్తి నిఘంటువు. జేమీసన్ మతాచార్యుడు. ఫోర్ఫర్ పట్టణంలో ఉన్న కాలంలో ఐస్లండు పండితుడు గ్రీముర్ తోర్కెలిన్‌తో జరిగిన సంభాషణ ఆయన ఆలోచనను మలుపు తిప్పింది. అంతవరకు స్కాట్స్‌ను ఇంగ్లీషు చెడిన రూపంగానే ఆయన భావించేవాడు. స్కాట్లండు జనవ్యవహారంలో తన దేశభాషకు చెందిన మాటలు ఎన్నో వినిపిస్తున్నాయని తోర్కెలిన్ చెప్పడంతో ఆయన సేకరణకు పూనుకున్నాడు.

ఇక్కడే ఒక అపశ్రుతి ప్రవేశించింది. స్కాట్స్ స్వతంత్రతను నిరూపించడానికి జేమీసన్ ఇంగ్లీషుతో బంధుత్వాన్నే కాదనవలసి వచ్చింది. ప్రాచీన పిక్టులు స్కాండినేవియా నుంచి వచ్చిన గోథిక్ జాతివారనీ, స్కాట్స్ వారి భాషకు వారసురాలనీ నిఘంటువుకు ముందు చేర్చిన సుదీర్ఘవ్యాసంలో వాదించాడు. ఈ వాదం నిలవలేదు. పిక్టుల భాష వెల్ష్‌కు దగ్గరి కెల్టిక్ భాష అన్న అభిప్రాయమే నేడు ప్రబలం. ఊరిపేర్ల సాక్ష్యం ఆ నిర్ణయానికి ముఖ్యాధారం. ఆ విషయం ముందు వస్తుంది. సిద్ధాంతం ప్రభావంతో జేమీసన్ ఇచ్చిన ఐస్లాండిక్, స్వీడిష్ వ్యుత్పత్తులలో చాలావాటిని తరువాతివారు తోసిపుచ్చవలసి వచ్చింది.

అయినా ఆ నిఘంటువు మృతగ్రంథం కాలేదు. దానికి కారణం ఆరోపాల అమరిక. జేమీసన్ పదానికి అర్థం చెప్పి ఊరుకోలేదు. బార్బర్ మొదలుకొని తనకు దొరికిన గ్రంథాల నుంచి ప్రయోగాలను మూలనిర్దేశంతో ఉదాహరించాడు. గ్రంథస్థం కాని మాటలకు అవి వినవచ్చే మండలాన్ని పేర్కొన్నాడు. 1825 నాటి రెండు అనుబంధ సంపుటాల్లో ఈ జానపదసామగ్రి మరింత పెరిగింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పుట్టకముందే చారిత్రక పద్ధతిలో ఇంగ్లీషు కుటుంబపు భాషకు నిఘంటువు రాసిన ఘనతలో ఆయన భాగం పెద్దది. వ్యుత్పత్తి కొట్టివేసినా ప్రయోగం మిగిలింది. నిఘంటుకర్తను అంచనా వేసేటప్పుడు ఆయన ఏం నమ్మాడన్నదాని కంటే, ఆయన నమ్మకాన్ని పరీక్షించడానికి కావలసిన సామగ్రిని మనకు ఆయనే ఇచ్చాడా లేదా అని చూడాలి. ఈ పరీక్షలో జేమీసన్ నెగ్గుతాడు.

మాటల ప్రయాణం

సాదృశ్యానికీ ప్రయోగానికీ మధ్య ఉన్న పోటీకి 'గ్లామర్' మంచి ఉదాహరణ. తెలుగు సినిమా పత్రికల్లో నిత్యం కనిపించే ఈ మాట స్కాట్స్ నుంచే ఇంగ్లీషుకు చేరింది. దానికి అసలర్థం మాయ, కనికట్టు. ఐస్లాండిక్‌లో 'గ్లామ్'తో మొదలై దృష్టిభ్రమను తెలిపే మాట ఒకటి ఉంది. 'గ్రెట్టిర్ సాగా'లో గ్లామ్ అన్న పేరుతో ఒక ప్రేతం కూడా ఉంది. రూపం కలిసింది, అర్థం కలిసింది. దీన్ని చూసిన ఎవరికైనా వ్యుత్పత్తి తేలిపోయిందనిపిస్తుంది. కాని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అంగీకరించిన నిర్ణయం వేరు. ఇది 'గ్రామర్' అన్న మాటకు రూపాంతరం. లాటిన్ వ్యాకరణం చదివినవాడు మంత్రతంత్రాలు కూడా ఎరుగుననే మధ్యయుగపు నమ్మకం వల్ల వ్యాకరణవాచకానికి గుప్తవిద్య అన్న అర్థం వచ్చింది. ఒకే పదంలోని రెండు రేఫల్లో మొదటిది విషమీకరణం వల్ల లకారమైంది. 18వ శతాబ్దిలో స్కాట్స్ రచనల్లో కనిపించిన ఈ మాటను వాల్టర్ స్కాట్ 1805 నాటి తన కథాకావ్యం ద్వారా ఇంగ్లీషు పాఠకలోకానికి పరిచయం చేశాడు. ఐస్లాండిక్ వాదంలో లోపం సాదృశ్యం లేకపోవడం కాదు. ఆ మాట స్కాట్స్‌లోకి ఏ కాలంలో, ఏ దారిన వచ్చిందో చూపే మధ్యస్థ ప్రయోగాలు లేకపోవడం. గ్రామర్ వాదానికి ఆ మెట్లు ఉన్నాయి. వ్యాకరణశాఖవారు గర్వపడదగిన వ్యుత్పత్తి ఇది.

'రెయిడ్' అన్న మాట మరో తరహా పాఠం. ప్రాచీన ఇంగ్లీషులో 'రాద్' అంటే స్వారీ. పైన చెప్పిన ధ్వనిసూత్రం ప్రకారం దక్షిణాన అది 'రోడ్' అయింది, ఉత్తరాన 'రెయిడ్' అయింది. స్వారీ నుంచి దక్షిణాన దారి అన్న అర్థం స్థిరపడితే, ఉత్తరపు సరిహద్దుల్లో గుర్రపుదండు దాడి అన్న అర్థం మిగిలింది. ఇంగ్లీషులో మరుగుపడిన ఈ రూపాన్ని స్కాట్ నవలలు, కావ్యాలు తిరిగి తెచ్చాయి. ఆదాయపు పన్ను అధికారుల 'రెయిడ్', తారు 'రోడ్డు' ఒకే పదపు రెండు రూపాలని తెలుగు పాఠకునికి తట్టదు. ఇంగ్లీషు పాఠకునికీ తట్టదు.

సరిహద్దుల చరిత్ర నుంచే 'బ్లాక్‌మెయిల్' వచ్చింది. ఇందులోని మెయిల్‌కు తపాలాతో సంబంధం లేదు. ప్రాచీన నార్స్‌లో మాట, ఒప్పందం అన్న అర్థం గల పదం నుంచి కౌలు, కప్పం అన్న అర్థాలు ఏర్పడ్డాయి. దోపిడీదండుల బారి నుంచి రక్షణ పేరుతో రైతుల దగ్గర గుంజిన కప్పానికి 16వ శతాబ్ది స్కాటిష్ పత్రాలు ఈ పేరు పెట్టాయి. బెదిరింపు ఉత్తరమని నేటివారు ఊహించుకోవడం అచ్చమైన లోకనిరుక్తి.

'వియర్డ్' సంగతి వేరు. ప్రాచీన ఇంగ్లీషులో అది విధివాచకమైన నామవాచకం. దక్షిణాన ఆ మాట సన్నగిల్లిన కాలంలో స్కాట్లండులో బతికింది. హోలిన్‌షెడ్ చరిత్రగ్రంథం ద్వారా షేక్స్‌పియర్ 'మాక్బెత్'కు చేరింది. ఆ నాటకంలోని ముగ్గురు స్త్రీలు వింతగా ఉన్నవారు కారు, విధిదేవతలు. 1623 నాటి సంపుటిలో ఆ మాటకు వేరే రకమైన వర్ణక్రమాలు కనిపించడాన్ని బట్టి, లండన్ అచ్చుశాలకు అది అప్పటికే పరిచితమైన మాట కాదని ఊహించవచ్చు. విశేషణంగా వింత అన్న అర్థం 19వ శతాబ్దిలో బలపడింది. నేటి అర్థంతో ఆ నాటకాన్ని చదివే అనువాదకుడు పాత్రల స్వరూపాన్నే మార్చేస్తాడు.

తప్పుగా చదివిన పదం సాహిత్యంలో కొత్త వస్తువును సృష్టించిన సందర్భమూ ఉంది. గేలిక్‌లో సేన కేక అన్న అర్థం గల సమాసం స్కాట్స్‌లో 'స్లొగొర్న్' వంటి రూపాల్లో నమోదైంది. నేటి 'స్లోగన్' దాని సంతానమే. చివరనున్న 'హార్న్' పోలికను చూసి 18వ శతాబ్ది కవి చాటర్టన్ దాన్ని ఊదే కొమ్ముగా భావించాడు. 1855లో బ్రౌనింగ్ తన ప్రసిద్ధ కవితలో వీరుని పెదవులకు ఆ కొమ్మునే అందించాడు. అటువంటి వాద్యం లోకంలో ఎన్నడూ లేదు. చారిత్రక నిఘంటువు ఇటువంటి ప్రయోగాన్ని ఏం చేయాలి? తప్పని వదిలేస్తే కవిత అర్థం కాదు. అర్థంగా నమోదు చేస్తే లేని వస్తువుకు ఉనికి కల్పించినట్టు. తప్పును తప్పుగా పేర్కొంటూ, తేదీతో సహా నమోదు చేయడమే సరైన మార్గం.

సరిహద్దు ఎక్కడ?

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు 1879 నుంచి సంపాదకత్వం వహించిన జేమ్స్ మర్రీ స్కాట్లండు దక్షిణ సరిహద్దులోని డెన్‌హామ్ గ్రామస్థుడు. తన సొంత మాండలికంపై 1873లో ఆయన రాసిన గ్రంథం స్కాట్స్‌కు శాస్త్రీయమైన ధ్వనివర్ణన ఇచ్చిన తొలి రచనల్లో ఒకటి. అందువల్ల 1884 నుంచి 1928 వరకు వెలువడిన ఆ మహానిఘంటువులో స్కాట్స్‌కు ఉదారంగానే చోటు దొరికింది. కాని అతిథికి దొరికే చోటు అది. మాట పక్కన స్కాటిష్ అన్న గుర్తు ఉంటుంది, దక్షిణపు మాటకు ఏ గుర్తూ ఉండదు. జోసెఫ్ రైట్ 1898–1905 మధ్య ప్రచురించిన ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువు స్కాట్స్‌ను యార్క్‌షైర్, డెవన్ మాండలికాల పక్కన కూర్చోబెట్టింది. సామగ్రి దృష్ట్యా అది అమూల్యం, దృక్పథం దృష్ట్యా సందేహాస్పదం.

ఈ కొరతను తీర్చడానికే విలియం క్రెయిగీ 1919లో వేర్వేరు కాలాలకు వేర్వేరు నిఘంటువులు కావాలని ప్రతిపాదించాడు. ఫలితంగా 1931లో రెండు నిఘంటువులు భాగాలుగా వెలువడడం మొదలైంది. 12వ శతాబ్ది నుంచి 1700 వరకు గల భాషకు క్రెయిగీ ఆరంభించిన ప్రాచీన స్కాటిష్ నిఘంటువు పన్నెండు సంపుటాలతో 2002లో ముగిసింది. 1700 తరువాతి భాషకు విలియం గ్రాంట్, ఆయన తరువాత డేవిడ్ మురిసన్ నిర్వహించిన స్కాటిష్ జాతీయ నిఘంటువు పది సంపుటాలతో 1976లో పూర్తయింది. 2004లో ఈ రెండింటినీ కలిపి అంతర్జాలంలో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. మూడు తరాల శ్రమను తక్కువచేయడం ఎవరి తరమూ కాదు. అయినా ఆ రెండు గ్రంథాల ప్రవేశార్హత నియమాన్ని నిశితంగా చూడక తప్పదు.

ప్రాచీన నిఘంటువు 1600 వరకు భాషలోని పదజాలమంతటినీ స్వీకరిస్తుంది. 1600 నుంచి 1700 వరకు మాత్రం ఆనాటి సాధారణ ఇంగ్లీషు వాడుకతో ఏకీభవించని వాటినే స్వీకరిస్తుంది. జాతీయ నిఘంటువు మొత్తం ఈ రెండో నియమం మీదే నిర్మితమైంది. అంటే 1599లో స్కాట్స్ తనంత తానుగా ఒక భాష. 1601లో ఇంగ్లీషు నుంచి ఎంత తేడా ఉంటే అంత మేరకే భాష. ఒక సంవత్సరం తేడాతో పదాలు అదృశ్యమవుతాయి. మాట్లాడేవారు మానేయడం వల్ల కాదు, పొరుగువారు కూడా ఆ మాటే అంటున్నందువల్ల. 1603లో స్కాట్లండు రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లండు సింహాసనం కూడా ఎక్కాడు. లండన్ గద్యప్రభావం స్కాటిష్ రాతపై నిజంగానే పెరిగింది. కాబట్టి ఈ నియమానికి ఆచరణలో సమర్థన ఉంది, వ్యయభారం కూడా ఒక కారణమే. కాని ఫలితంగా పాఠకుని మనసులో ఏర్పడే చిత్రం వక్రమైనది. తేడాల మూటగా చూపిన ఏ భాషైనా విచిత్రపదాల సంగ్రహంలా కనిపిస్తుంది. అన్నం, నీళ్లు, చేయి, రావడం, పోవడం వంటి మాటలు సాటి మాండలికాలతో సమానమని వదిలేస్తే తెలుగు మాండలికం ఏదైనా ఇంతే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశం ఈ ఉచ్చులో పడలేదు. నాగలి అందరికీ తెలిసిన మాటే కదా అని పక్కన పెట్టకుండా, వృత్తిలోని వస్తువును పట్టుకొని ఏ మండలంలో ఏమంటారో నమోదు చేసింది. 2011 జనగణనలో స్కాట్స్ మాట్లాడతామని చెప్పినవారు 15 లక్షల పైచిలుకు. వారిలో చాలామందికి తాము మాట్లాడుతున్నది భాషా, చెడిన ఇంగ్లీషా అన్న సందేహం ఉండడానికి బడితోబాటు నిఘంటువుల నిర్మాణానికీ కొంత బాధ్యత ఉంది.

ఊరిపేర్లు

పదాలకు దొరికే సందర్భం పేర్లకు దొరకదు. వాక్యంలో ఉన్న మాట అర్థాన్ని వాక్యమే పట్టిస్తుంది, పేరు మూగది. అందుకే 1923లో స్థాపితమైన ఆంగ్ల స్థలనామ సంఘం జిల్లాలవారీ సంపుటాల్లో మొదటినుంచీ ఒకే నియమాన్ని పట్టుకుంది: అతి ప్రాచీన లిఖితరూపాలను తేదీలతో పేర్చిన తరువాతే వ్యుత్పత్తి. 1086 నాటి డూమ్స్‌డే భూమి సర్వే ఈ పనికి ఇంగ్లండులో పెట్టని కోట. పేరు చివర వచ్చే 'హామ్' ఇల్లు, ఊరు అన్న అర్థం గల మాటా, నీటి అంచున ఉన్న పల్లపు నేల అన్న అర్థం గల వేరొక మాటా అన్నది నేటి రూపంతో తేలదు, పాత వర్ణక్రమంతో చాలాచోట్ల తేలుతుంది. స్కాట్లండుకు డూమ్స్‌డే లేదు. అక్కడి దస్తావేజులు ప్రధానంగా 12వ శతాబ్ది నుంచే మొదలవుతాయి. కాబట్టి పరిశోధకుడు భాషల పొరలను పేర్లలోనే తవ్వుకోవాలి.

ఈ పనికి పునాది వేసిన గ్రంథం డబ్ల్యు. జె. వాట్సన్ 1926లో ప్రకటించిన స్కాట్లండు కెల్టిక్ స్థలనామ చరిత్ర. గేలిక్ మాతృభాషగా గల వాట్సన్ పత్రాల్లోని రూపాలను, స్థానికుల ఉచ్చారణను ఒకదానితో మరొకటి సరిచూశాడు. నదీముఖాన్ని తెలిపే 'అబర్' వెల్ష్ వర్గపు మాట, 'ఇన్వర్' గేలిక్ మాట. అబర్డీన్, ఇన్వర్నెస్ పేర్లు ఒకే రకమైన భౌగోళికస్థితిని రెండు భాషల్లో చెబుతాయి. గేలిక్ ఎన్నడూ వాడని 'అబర్' తూర్పు తీరమంతటా కనబడడం జేమీసన్ గోథిక్ పిక్టులకు ప్రబలమైన జవాబు. 'పిట్'తో మొదలయ్యే పేర్లు ఇంకా సూక్ష్మమైనవి. భూమి తునక అన్న అర్థం గల ఈ పిక్టిష్ మాటకు వెల్ష్‌లో జ్ఞాతిపదం ఉంది; ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషుకు వచ్చిన 'పీస్' కూడా దూరపు చుట్టమే. కాని పిట్టెన్‌వీమ్ వంటి పేర్లలో మిగతా భాగం గేలిక్: గుహ ఉన్న భూమి. అంటే పిట్ ఉన్న ప్రతి ఊరూ పిక్టులు పెట్టినది కాదు. గేలిక్ మాట్లాడేవారు ఆ మాటను అరువు తెచ్చుకొని తమ భాషలో పేర్లు పెట్టారు. 12వ శతాబ్దిలో 'డీర్ గ్రంథం' అంచుల్లో గేలిక్‌లో రాసిన భూదాన వివరాల్లో ఈ మాట కనిపించడం ఇందుకు సాక్ష్యం.

ఎడింబరో పేరుపై నార్తంబ్రియా రాజు ఎడ్విన్ కట్టిన కోట అన్న కథ ఎంతోకాలం చెల్లింది. 12వ శతాబ్ది పత్రాల్లో ఎడ్విన్ పేరుతో కూడిన రూపాలు ఉండడంతో అది ఆధారం గల వ్యుత్పత్తిలాగే కనిపించింది. కాని వెల్ష్ వీరగీతం 'గొడొదిన్' ఆ స్థలాన్ని ఐదిన్ అంటుంది, గేలిక్ పేరు కూడా దాన్నే నిలిపింది. కోట అన్న మాటను ఇంగ్లీషు చివర చేర్చింది. ఐదిన్ అర్థం మాత్రం తేలలేదు. ప్రాచీనపత్రం కూడా లోకనిరుక్తిని మోసుకురాగలదని ఈ పేరు హెచ్చరిస్తుంది. 12వ శతాబ్ది లేఖకుడు సాక్షి మాత్రమే కాదు, మనలాగే అర్థం వెతుక్కున్న పాఠకుడు కూడా. మన కైఫియత్తుల్లోని ఊరిపేరు కథలను వాడుకునేవారు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

1976లో వెలువడిన నికొలాయిసెన్ గ్రంథం పేర్లను పటాలపై పరచి వలసల కాలక్రమాన్ని చదవజూసింది. పద్ధతి ఆకర్షణీయమైనది, ప్రమాదకరమైనది కూడా. కొండవాచకమైన 'స్లియవ్' పశ్చిమాన, నైరుతి మూలన గుమిగూడి ఉండడాన్ని ఆయన ఐర్లండు నుంచి జరిగిన తొలి వలసకు గుర్తుగా తీసుకున్నాడు. ఆ మాటకు కొండతోపాటు బీడుభూమి అన్న అర్థమూ ఉందనీ, తరువాతి శతాబ్దాల్లోనూ అది వాడుకలో ఉందనీ సైమన్ టేలర్ 2007లో చూపడంతో ఆ నిర్ణయం పట్టు సడలింది. పటం మీది చుక్కకు స్థలం ఉంటుంది, తేదీ ఉండదు.

ఇంటిపేర్లు

జార్జ్ ఫ్రేజర్ బ్లాక్ న్యూయార్క్ ప్రజాగ్రంథాలయంలో పనిచేస్తూ దశాబ్దాలపాటు సేకరించి 1946లో ప్రచురించిన స్కాట్లండు ఇంటిపేర్ల నిఘంటువు నేటికీ ఈ రంగంలో తొలి ఆశ్రయం. పేరు ధరించిన తొలి వ్యక్తుల్ని పత్రాల నుంచి తేదీలతో చూపడం దాని బలం. బాక్స్టర్ రొట్టెలు కాల్చే వృత్తి నుంచి, వెబ్‌స్టర్ నేత నుంచి, వాకర్ ఉన్నిబట్టను తొక్కి చిక్కబరిచే పని నుంచి వచ్చాయి. మొదట స్త్రీలింగసూచకమైన 'స్టర్' ప్రత్యయం స్కాట్స్‌లో మగవారి వృత్తినామాలకూ వ్యాపించింది.

అయితే వ్యుత్పత్తి వేరు, వంశం వేరు. బ్లాక్ పట్టికల్లో తొలి ధారకుణ్ణి చూసిన వలసదేశాల స్కాటిష్ సంతతివారు అతడే తమ మూలపురుషుడని తలపోసే ప్రమాదం ఉంది, గ్రంథం ఆ భ్రమను గట్టిగా వారించదు. గేలిక్‌లో కమ్మరి కొడుకు అన్న అర్థం గల ఇంటిపేరు ఒకచోట మెక్‌గోవన్‌గా నిలిచింది, మరొకచోట అనువాదమై స్మిత్‌గా మారింది. ఆ స్మిత్‌కు పక్క వీధిలోని ఇంగ్లీషు స్మిత్‌తో అర్థం కలుస్తుంది, రక్తం కలవదు. కొండప్రాంతాల్లో తెగనాయకుని నీడలో బతికిన కౌలుదార్లు ఆయన పేరునే పెట్టుకున్నారు.

మెక్‌గ్రెగర్ వంశం విషయంలో పేరును చట్టమే చంపింది. 1603లో రాజమండలి ఆ పేరును నిషేధించింది, ధరిస్తే మరణదండన. 1661లో నిషేధం తొలగింది, 1693లో తిరిగి వచ్చింది, 1774లో గాని పూర్తిగా రద్దు కాలేదు. ఆ కాలమంతా ఆ వంశీయులు కాంబెల్, డ్రమండ్, మర్రీ, గ్రాంట్ వంటి ఇరుగుపొరుగు పేర్ల కింద బతికారు. స్కాట్ నవలకు నాయకుడైన రాబ్ రాయ్ కూడా తల్లి ఇంటిపేరైన కాంబెల్‌తోనే సంతకం చేశాడు. రద్దు తరువాత కొందరు పాతపేరుకు మళ్లారు, కొందరు మళ్లలేదు. 1700 నాటి పెర్త్‌షైర్ చర్చి రిజిస్టరులో కనిపించే ఒక డ్రమండ్ ఎవరి మనుమడన్నది ఆ ఇంటిపేరు వ్యుత్పత్తి ఎంత కచ్చితంగా తెలిసినా తెలియదు. అతని కౌలుపత్రం, పెళ్లిసాక్షుల పేర్లు, ఇరవై ఏళ్ల వెనకటి పన్ను పట్టిక వెతకవలసిందే.